ట్రూమన్ గారి ఇల్లు, లైబ్రరీ: పెన్షన్ల సెక్షన్‌లో పనిచేసిన నేను చూసింది

నేను 31 ఏళ్లు సబ్ ట్రెజరీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. అందులో 19 ఏళ్లు పెన్షన్ల సెక్షనే. లైఫ్ సర్టిఫికెట్ల రోజులొస్తే మా కౌంటర్ ముందు చేతికర్రలతోనో, మనవల భుజం పట్టుకునో పెద్దవాళ్లు బారులు తీరేవారు. బతికే ఉన్నానని చెప్పడానికి మనిషి వచ్చి ఎదుట నిలబడాలి. భర్త పోయినావిడ అయితే మళ్లీ పెళ్లి చేసుకోలేదని రాసివ్వాలి. కాగితం లేకపోతే డబ్బు కదలదు. ఎంతమందిని 'రేపు రండి' అని వెనక్కి పంపానో నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ రోజుల్లో నా టేబుల్ అద్దం కింద పేపర్లోంచి కత్తిరించిన ఒక ముక్క ఉండేది. అమెరికా అధ్యక్షుడిగా పనిచేసి 1953 జనవరిలో దిగిపోయిన హ్యారీ ట్రూమన్‌కి నెలకి 112 డాలర్ల 56 సెంట్ల సైనిక పెన్షన్ తప్ప ప్రభుత్వం నుంచి ఇంకేమీ రాలేదని అందులో ఉంది. అప్పట్లో మాజీ అధ్యక్షులకి పెన్షన్ అనేదే లేదు. క్యూలో విసుక్కునే పెద్దవాళ్లకి ఆ ముక్క చూపించేదాన్ని. 'చూశారా బాబుగారూ, అంతటివాడికే లేదు' అంటే కొంచెం నవ్వేవారు. అలా ఆ మనిషి నాకు ఎరిగున్నవాడైపోయాడు.

మా అబ్బాయి వాళ్లు కాన్సస్ సిటీ దగ్గర ఉంటారు. ఈసారి వెళ్లినప్పుడు నన్ను ఎక్కడికి తీసుకెళ్లమంటావని అడిగితే, ఇండిపెండెన్స్ ఊరికి తీసుకెళ్లమన్నాను. ట్రూమన్ గారి సొంత ఊరు అదే. ఇల్లు, లైబ్రరీ రెండూ అక్కడే, ఒకదానికొకటి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి. పన్నెండేళ్ల మా మనవడు కూడా వచ్చాడు. పొద్దున ఇల్లు, మధ్యాహ్నం లైబ్రరీ చూశాం. రెండింటి గురించీ రాస్తాను. వాటిని చూశాక మాజీ నాయకులకి ప్రజల డబ్బు ఇవ్వడం గురించి నా మనసులో కలిగిందీ రాస్తాను. ఆ రెండూ విడదీసి రాయడం నాకు చేతకాలేదు.

ఇల్లు చూడాలంటే ముందు మెయిన్ స్ట్రీట్‌లో ఉన్న విజిటర్ సెంటర్‌కి వెళ్లాలి. పాత ఫైర్ స్టేషన్‌ని అలా మార్చారు. టూర్‌కి కొద్దిమందినే తీసుకెళ్తారు కాబట్టి తొందరగా వెళ్లడం మంచిది. తీసుకెళ్లేది నేషనల్ పార్క్ సర్వీస్ రేంజర్, అంటే ఇలాంటి చోట్లని చూసుకునే ప్రభుత్వ శాఖ ఉద్యోగి. మా రేంజర్ అమ్మాయి నిదానంగా, నాలాంటి వాళ్లకి కూడా అర్థమయ్యేలా మాట్లాడింది. మెట్ల దగ్గర నా చెయ్యి కూడా పట్టుకుంది.

తెల్లరంగు చెక్క ఇల్లు. నిజానికి ట్రూమన్ గారి ఇల్లు కాదు, ఆయన భార్య బెస్ గారి తాత కట్టించింది. పెళ్లయిన కొత్తలో అత్తగారింట చేరిన అల్లుడు, అధ్యక్ష పదవి ముగిశాక కూడా అదే ఇంటికి తిరిగొచ్చాడు. చుట్టూ ఇనుప కంచె ఉంది. అది 1949లో వేయించారట. జనం గుర్తుగా దాచుకుంటామని ఏదో ఒకటి పీక్కుపోతారు, కంచె వేయించుకో అని అంతకుముందు అధ్యక్షుడిగా చేసిన హెర్బర్ట్ హూవర్ సలహా ఇచ్చారట.

లోపలికి అడుగుపెట్టగానే హాల్లో ఆయన కోటు, టోపీ కొక్కేనికి వేలాడుతున్నాయి. ఇప్పుడే వాకింగ్‌కి వెళ్లబోతున్న మనిషివిలా. చదువుకునే గదిలో గోడ నిండా పుస్తకాలు, కూర్చునే కుర్చీలు. కూతురు మార్గరెట్ కోసం కొన్న పియానో. వంటిల్లు మాత్రం నన్ను కదలనివ్వలేదు. పాత కాలపు, చిన్న, మామూలు వంటిల్లు. ఇద్దరు ముసలివాళ్లు ఎదురెదురుగా కూర్చుని టిఫిన్ తినే బల్ల. ఆ దేశాన్ని దాదాపు ఎనిమిదేళ్లు ఏలినాయన, అణుబాంబు వేయమన్నాయన, తర్వాత దాదాపు ఇరవయ్యేళ్లు ఇక్కడే తిన్నాడు. బయట గరాజ్‌లో ఆయన కొన్న ఆఖరి కారు, 1972 నాటి క్రైస్లర్ న్యూపోర్ట్. ఆ ఏడాది డిసెంబర్ 26నే ఆయన పోయారు. బెస్ గారు మరో పదేళ్లు, 97 ఏళ్లు వచ్చేదాకా అదే ఇంట్లో ఉండి, పోతూ ఇంటిని దేశానికి రాసిచ్చారు.

మాకు కింది అంతస్తు మాత్రమే చూపించారు. అయినా చాలు. ఇల్లు సర్దినట్టు లేదు, మనుషులు ఉన్నట్టు ఉంది. ఎక్కడా ఆయన్ని దేవుణ్ణి చేసే ప్రయత్నం లేదు. ప్రజల డబ్బుతో ఒక నాయకుడి జ్ఞాపకం నిలపాలంటే ఇలా నిలపాలని నాకు గట్టిగా అనిపించింది.

రేంజర్ అమ్మాయికి మా మనవడు ఒక ప్రశ్న వేశాడు. పెన్షన్ లేకపోతే మరి డబ్బెక్కడిది అని. ఆమె ఓపిగ్గా కొంత చెప్పింది. మిగతాది మధ్యాహ్నం భోజనం దగ్గర మా అబ్బాయీ నేనూ కలిసి చెప్పాం.

దిగిపోయాక ట్రూమన్ గారు కాన్సస్ సిటీలో ఆఫీసు అద్దెకి తీసుకున్నారు. ఉత్తరాలు వేలకి వేలు వచ్చేవి. వాటికి జవాబు రాసే మనుషుల జీతాలు, పోస్టేజీ అన్నీ ఆయన సొంత ఖర్చు. కంపెనీలు పెద్ద పెద్ద ఉద్యోగాలు ఇస్తామంటే ఒప్పుకోలేదు. వాళ్లకి కావలసింది తాను కాదు, తాను కూర్చున్న కుర్చీ, దాన్ని అమ్ముకోను అన్నారు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో. 1953 వేసవిలో భార్యాభర్తలిద్దరూ సెక్యూరిటీ లేకుండా, ఆయనే కారు నడుపుకుంటూ వాషింగ్టన్, న్యూయార్క్ వెళ్లి వచ్చారు. పెన్సిల్వేనియా హైవే మీద ఒక పోలీసు వాళ్ల కారు ఆపాడట కూడా. జీవితకథ హక్కులు లైఫ్ పత్రికకి 6 లక్షల డాలర్లకి అమ్మారు. కానీ ఖర్చులూ పన్నులూ పోను తనకి మిగిలింది 37 వేలేనని 1957లో ప్రతినిధుల సభలో మెజారిటీ పక్ష నాయకుడు జాన్ మెకార్మాక్‌కి ఉత్తరం రాశారు. సాయం అందకపోతే గడవడం కష్టమన్నట్టు.

దాంతో కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, కదిలింది. 1958 ఆగస్టు 25న అప్పటి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకంతో మాజీ అధ్యక్షుల చట్టం వచ్చింది. ఏడాదికి 25,000 డాలర్ల పెన్షన్, ఆఫీసు, సిబ్బంది, ఉచిత పోస్టేజీ. మాజీ అధ్యక్షుడు పోతే ఆయన భార్యకి కుటుంబ పెన్షన్ లాంటిది 10,000. అప్పటికి బతికున్న మాజీ అధ్యక్షులు ఇద్దరే, ట్రూమన్, హూవర్. హూవర్ గారు కోటీశ్వరుడు, ఆయనకి ఆ డబ్బు అక్కర్లేదు. తాను వద్దంటే ట్రూమన్‌ని చిన్నబుచ్చినట్టు అవుతుందని ఆయన కూడా తీసుకున్నారని చెబుతారు.

ఇక్కడిదాకా నాకు తెలిసిన కథే. నా టేబుల్ అద్దం కింది కథే. మనవడు ఊరుకోలేదు. 'నాయనమ్మా, ఆయన దగ్గర నిజంగా ఎంత ఉందో ఎవరైనా చూశారా?' అన్నాడు. మా అబ్బాయి ఫోన్ తీసి వెతికాడు. వెతికినది చదివాక నేను కాసేపు తినలేకపోయాను.

కొలరాడో విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చెప్పే పాల్ కాంపోస్ అనే ఆయన 2021లో దీనిమీద వివరంగా రాశారు. ట్రూమన్ గారు తన చేత్తో రాసుకున్న వీలునామా ముసాయిదా ఒకటి దొరికింది. అది 1953 నాటిది. అంటే పదవి దిగిన సంవత్సరం. అందులో తన ఆస్తి బాండ్లు, నగదు, భూమి కలిపి 6 లక్షల 50 వేల డాలర్లని ఆయనే లెక్క వేసుకున్నారు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. 1949లో అధ్యక్షుడి జీతం లక్ష డాలర్లకి పెంచినప్పుడు, పదవికి సంబంధించిన ఖర్చులకని ఏడాదికి మరో 50,000 ఇచ్చారు. అందులో చాలా భాగాన్ని ఖర్చు చేయకుండా తన కోసం దాచుకున్నారని కాంపోస్ వాదన.

వింటుంటే నా చేతులు చల్లబడ్డాయి. ఆయన డబ్బు దాచుకున్నందుకు కాదు. ముసలితనానికి నాలుగు డబ్బులు దాచుకోని వాళ్లెవరు? నన్ను బాధపెట్టింది వేరే. దేశం మొత్తానికి ఒక కొత్త పెన్షన్ పెట్టేటప్పుడు ఆయన మాట ఒక్కటే సరిపోయింది. మా కౌంటర్ దగ్గర ఒక అటెండర్ భార్య, భర్త పోయిన నాలుగు నెలలకి కూడా కాగితాల్లో పేరులో ఒక అక్షరం తేడా ఉందని తిరుగుతూనే ఉంది. ఆ తిప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. రూల్ అది. ఆ రూల్ పైవాళ్లకి ఎందుకు ఉండదు?

మనసు అలా ఉండగానే లైబ్రరీకి వెళ్లాం. పేరుకి లైబ్రరీ గానీ మ్యూజియం, పాత రికార్డుల భాండాగారం కలిసి ఉంటాయి. 1957 జులైలో తెరిచారు. కట్టడానికి డబ్బు జనం చందాలిచ్చారు, నడపడం ప్రభుత్వం పని. అంతకు రెండేళ్ల ముందు, 1955లో వచ్చిన చట్టం ప్రకారం పద్ధతి అది. జాతీయ ఆర్కైవ్స్ వాళ్లు చూసుకుంటారు.

లోపలికి వెళ్లగానే గోడంతా పెద్ద బొమ్మ. థామస్ హార్ట్ బెంటన్ అనే చిత్రకారుడు వేశాడు, పడమటికి వెళ్లిన జనం, అమెరికా ఆదివాసులు, బండ్లు. వేస్తుంటే ట్రూమన్ గారు పరంజా ఎక్కి ఆకాశానికి కొంచెం నీలం రంగు పూశారని చెబుతారు. మావాడు ఆ నీలం ఏదో కనిపెడతానని చాలాసేపు అక్కడే ఉన్నాడు. తర్వాత అధ్యక్షుడి గది నమూనా. 'ది బక్ స్టాప్స్ హియర్' అని ఆయన బల్ల మీద ఉండే చిన్న పలక. అంటే బాధ్యత ఇంకొకరి మీదికి తోసేది లేదు, ఆఖరి మాట నాదే అని. నాగసాకి బాంబుకి సంబంధించిన ఒక చిన్న సేఫ్టీ ప్లగ్ కూడా ఉంది. అరచేతిలో పట్టేంతది. నేను దాని దగ్గర ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

అన్నిటికంటే నన్ను ఆపేసింది ఇంకొకటి. కొరియా యుద్ధంలో కొడుకుని పోగొట్టుకున్న ఒక తండ్రి, కొడుకుకి చనిపోయాక ఇచ్చిన పర్పుల్ హార్ట్ పతకాన్ని ట్రూమన్ గారికి తిరిగి పంపేశాడు. మా అబ్బాయి చావుకి మీరే కారణం, మీ అమ్మాయి అక్కడ లేకపోయిందే అని చాలా కోపంగా రాశాడు. ట్రూమన్ గారు ఆ ఉత్తరాన్నీ పతకాన్నీ పారేయలేదు. ఇక్కడి తన ఆఫీసు బల్ల సొరుగులోనే పెట్టుకున్నారు. పోయాక సొరుగు తీస్తే దొరికాయి. ఇప్పుడు అద్దాల పెట్టెలో ఉన్నాయి. మా అబ్బాయి చదివి తెలుగులో చెబుతుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు. నాకూ ఒక్కడే కొడుకు.

ఆయన పనిచేసిన గది అద్దంలోంచి కనిపిస్తుంది. రోజూ పొద్దున్నే ఇంటి నుంచి నడిచి వచ్చేవారట. స్టాఫ్ రాకముందే ఫోన్ మోగితే తానే ఎత్తి, లైబ్రరీ ఎన్నింటికి తెరుస్తారో చెప్పేవారట. బడిపిల్లలు వస్తే హాల్లో కూర్చోబెట్టి పాఠం చెప్పేవారు. మాజీ నాయకుడికి ప్రజలు ఆఫీసూ మనుషుల్నీ ఇస్తే వాళ్లకి తిరిగి దక్కాల్సింది ఇదే కదా అనుకున్నాను. అదే హాల్లో 1965 జులై 30న అధ్యక్షుడు జాన్సన్ వచ్చి పెద్దవాళ్ల వైద్యానికి సంబంధించిన మెడికేర్ చట్టం మీద సంతకం పెట్టారు. మొదటి కార్డు ట్రూమన్ గారికి, రెండోది బెస్ గారికి. అందరికీ ఆరోగ్య బీమా కావాలని ఆయన 1945లోనే కాంగ్రెస్‌ని అడిగారు, వాళ్లు ఇవ్వలేదు.

మధ్యలో ఆవరణ, అక్కడే భార్యాభర్తల సమాధులు. బెంచీ మీద కూర్చున్నాం. మనవడు అప్పుడు అన్నాడు, 'నాయనమ్మా, ఆ వీలునామా కాగితం ఎక్కడ దొరికింది?' అని. అబ్బాయి మళ్లీ చూశాడు. బెస్ గారి సొంత కాగితాల్లో దొరికింది. వాటిని 2011లో అందరికీ తెరిచారు. తెరిచింది ఈ లైబ్రరీయే. మేం కూర్చున్న ఈ భవనమే.

అది విన్నాక నా మనసు కుదుటపడింది. ఆయన పేరు పెట్టుకున్న భవనం, ఆయన మాటకి ఎదురు సాక్ష్యం చెప్పే కాగితాన్ని జాగ్రత్తగా దాచి, పెట్టె తెరిచి, అడిగినవాళ్లకి ఇచ్చింది. ఆ తండ్రి ఉత్తరం ఎలా పెట్టిందో ఇదీ అలాగే. ట్రెజరీలో పనిచేసినదాన్ని, రికార్డు విలువ నాకు తెలుసు. ఎలకలు కొట్టేసిన ఒక సర్వీస్ రిజిస్టర్ కోసం రెండు రోజులు స్టోర్ రూమ్‌లో దుమ్ములో కూర్చున్నదాన్ని. ఈ మ్యూజియంకి నేను పూర్తి మార్కులు ఇచ్చేది గోడ మీది బొమ్మకి కాదు, ఈ కాగితాలకి.

చట్టానికి మాత్రం అన్ని మార్కులు ఇవ్వలేను. ఉండకూడదని అనను. పెద్ద పదవిలో ఉన్నవాడు దిగాక పొట్టకోసం ఏ కంపెనీ గుమ్మమో ఎక్కితే, ఆ బేరం పదవిలో ఉండగానే మొదలవుతుంది. అది జరక్కుండా ప్రజలే పోషించడం మంచిదని నా నమ్మకం. కానీ ఇప్పుడు ఆ పెన్షన్ కేబినెట్ మంత్రి జీతంతో సమానం. 2024లో ఏడాదికి 2,46,400 డాలర్లు. ఆఫీసు అద్దె, సిబ్బంది జీతాలు, ప్రయాణాలు వేరే. పుస్తకాలకీ ఉపన్యాసాలకీ కోట్లు తీసుకునే మాజీలకి కూడా అంతే మొత్తం. ఆదాయం ఎంత అని చట్టం అడగదు. అభిశంసనతో తొలగిస్తే తప్ప పోదు. రాజీనామా చేసిన నిక్సన్‌కీ ఇచ్చారు. జిమ్మీ కార్టర్ గారు తమ చిన్న ఊళ్లో ఉండి, మిగతా వాళ్లందరికంటే తక్కువ ఖర్చు పెట్టించారు. అది ఆయన గుణం, రూల్ కాదు. 2016లో కాంగ్రెస్ ఒక బిల్లు పాస్ చేసింది. పెన్షన్ 2 లక్షల డాలర్లు, బయటి ఆదాయం 4 లక్షలు దాటితే దాటినంతా మిగతా అలవెన్సుల్లోంచి కోత. మాజీల ఆఫీసుల్లో పనిచేసే చిన్న ఉద్యోగుల జీతాలు వెంటనే ఆగిపోతాయని ఒబామా గారు దాన్ని వీటో చేశారు. ఉద్యోగుల సంగతి నిజమే, అది సరిచేసి మళ్లీ తేవచ్చు. ఆదాయం చూపించమనడం ఎవరికీ అవమానం కాదు. మా కౌంటర్లో నిలబడ్డవాళ్లెవరూ దాన్ని అవమానం అనుకోలేదు.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. పొద్దున ఇల్లు చూసి, నడవగలిగితే లైబ్రరీకి నడిచే వెళ్లండి, ఆయన రోజూ నడిచిన దారి అది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కారులోనే వెళ్లండి, నేను అలాగే వెళ్లాను. లైబ్రరీకి మూడు గంటలైనా పెట్టుకోండి, పిల్లలు ఉంటే ఇంకాస్త. ఇంగ్లిష్ సరిగా రానివాళ్లని ఒంటరిగా వదలకండి, ఉత్తరాలు చదివి చెప్పే మనిషి పక్కన ఉంటేనే ఇది మనసుకి ఎక్కుతుంది. సమాధుల దగ్గర కాసేపు ఊరికే కూర్చోండి.

రికార్డులు చూసే రీడింగ్ రూమ్ వేరే ఉంది. పరిశోధకులే కానక్కర్లేదు, మామూలు మనుషులు కూడా అడిగి చూడవచ్చు, ముందే రాసి కనుక్కుని వెళ్లడం మేలు. మాకు ఈసారి కుదరలేదు. కారెక్కాక మావాడు ఆ కాగితం మనకి చూపిస్తారా అని అడిగాడు. ఉత్తరం నువ్వు రాయి, కింద నేను సంతకం పెడతాను అన్నాను.